జీవశాస్త్ర గ్రంథములు - రూపకాలంకారము

ఆధునిక జీవశాస్త్రమును సామాన్య పాఠకునకు నేర్పు గ్రంథముల గుణదోషములను శాస్త్రజ్ఞులు విచారించుట పరిపాటి. సాహిత్య విమర్శకులు వాని జోలికి పోవుట అరుదు. కాని కంటికి కానరాని యణువుల వర్తనమును చెప్పవలసినపుడు రచయిత కానవచ్చు వస్తువుతో పోల్చక తప్పదు. ఆ పోలిక యెంతవరకు బోధించును, ఎచట దారి తప్పించును అను ప్రశ్న అలంకారశాస్త్రము చదివినవారు అడుగదగినది. ఈ దృష్టితో మూడు ప్రసిద్ధ గ్రంథములను పరిశీలింపబూనితిమి.

మొదటిది ఎర్విన్ ష్రోడింగర్ రచించిన 'వాట్ ఈజ్ లైఫ్?'. 1943లో డబ్లిన్ నగరమున ఆయన చేసిన యుపన్యాసములు 1944లో గ్రంథరూపము దాల్చినవి. వంశానుగతములైన లక్షణములు క్రోమోజోములలో ఒక 'కోడ్' రూపమున నిక్షిప్తమై యున్నవని ఆయన యూహించిరి. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణమును వెల్లడించిన వాట్సన్, క్రిక్ ఇరువురును ఈ గ్రంథప్రభావమును అంగీకరించినవారే. ఇంగ్లీషున 'కోడ్' అనగా సంకేతలిపి, ధర్మశాసనము కూడ. ష్రోడింగర్ రెండర్థములను కలిపి, క్రోమోజోములు శాసనమును, దానిని నడపు అధికారమును తామే యైనవనిరి. తెలుగున ఈ రెండర్థములకు ఒకే మాట లేదు. మన పాఠ్యగ్రంథములు 'జన్యుసంకేతము' అను మాటతో మొదటి యర్థమునే గ్రహించినవి. ఈ యెన్నిక మేలైనదని మా యభిప్రాయము. ఏలయన, నిరెన్‌బర్గ్, ఖొరానా ప్రభృతుల కృషివలన 1961 మొదలు 1966 వరకు ఆ లిపి చదువబడినది: మూడేసి యక్షరముల కూర్పులు 64, అందు 61 కూర్పులు 20 అమైనో ఆమ్లములను సూచించును, మిగిలిన 3 విరామచిహ్నములు. కాని ఆ లిపిని చదివి పని జరుపునవి కణమందలి ప్రోటీనులు, ఆర్.ఎన్.ఏ. అణువులు. శాసనము, అధికారము ఒక్కచోటనే యున్నవను మాట నిలువలేదు.

రెండవది 1976లో వెలువడిన రిచర్డ్ డాకిన్స్ 'ది సెల్ఫిష్ జీన్'. అచేతనమగు జన్యువునందు స్వార్థమను చేతనధర్మము నారోపించుట ఇందలి ప్రధానాలంకారము. జన్యువునకు మనస్సు కలదని తన భావము కాదని రచయిత గ్రంథముననే స్పష్టపరచిరి. 2006 నాటి ముద్రణకు వ్రాసిన పీఠికలో 'అమరమైన జన్యువు' అనెడు పేరును తగియుండెడిదనిరి. అయినను గ్రంథము చదువనివారి నోట సైతము నిలిచినది పేరే కాని ఆ వివరణము కాదు.

మూడవది 2006లోనే వచ్చిన డెనిస్ నోబుల్ 'ది మ్యూజిక్ ఆఫ్ లైఫ్'. జన్యువులు దేహమును నడపునవని డాకిన్స్ వర్ణించిన ఘట్టమును గైకొని, జన్యువులే దేహమున బందీలైనట్లు నోబుల్ తిరుగ వ్రాసిరి. ఈ రెంటిలో ఏది సత్యమో తేల్చు ప్రయోగ మేదియని ప్రశ్నించిరి. అట్టిది లేదు. అనగా రెండు వాక్యములందును శాస్త్రవిషయ మొకటే, భేదించునది అలంకారము. విమర్శకునకు ఇంతకంటె చక్కని పాఠ మరుదు. అయినను ఆయన గ్రంథనామము సైతము రూపకమే యగుట గమనింపవలెను.

మన ఆలంకారికులు ఉపమయందు భేదాభేదములు రెండును తోచుననియు, రూపకమున ఉపమానోపమేయములకు అభేద మారోపింపబడుననియు చెప్పిరి. బోధకు ఉపమ తగినది, రూపకము ప్రమాదకరమైనది. తెలుగు పాఠకుని విషయమున ఈ ప్రమాదము మరింత హెచ్చు. లిపి యనగానే మన మనస్సునకు తోచునది నుదుటివ్రాత. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదను సామెత వినుచు పెరిగినవారము. జన్యువులందు సమస్తమును వ్రాయబడి యున్నదని చదివిన పాఠకుడు, కులమును బట్టి గుణ మేర్పడునను పాతమాటకు శాస్త్రము సాక్ష్యమిచ్చినదని భ్రమపడవచ్చును.

ఈ భ్రమకు మందు ఉదాహరణము. ఫినైల్ కీటోన్యూరియా అను వ్యాధి జన్యుదోషమువలన కలుగును. ఫినైల్ అలనీన్ అను ఆమ్లము రక్తమున పేరుకొని శిశువు మెదడును చెరచును. ఆ ఆమ్లము మితముగా నుండు ఆహారముతో చేసిన చికిత్సను 1953లో బికెల్ ప్రభృతులు ప్రకటించిరి. పుట్టిన కొలది దినములలోనే రోగము నెరిగి ఇట్టి యాహారము నిచ్చినచో తీవ్రమైన బుద్ధిమాంద్యము తప్పును. వ్రాత మారలేదు, ఫలము మారినది. నుదుటివ్రాతకును జన్యుసంకేతమునకును గల భేదమును ఈ యొక్క ఉదాహరణము విశదపరచును.

కావున తెలుగున జీవశాస్త్ర గ్రంథము వ్రాయువారు పోలిక చెప్పిన పుటలోనే అది చెల్లని చోటును చూపవలెనని మా మనవి. ష్రోడింగర్ గ్రంథమును సమాధానముగా గాక ప్రశ్నగా చదువవలెను. డాకిన్స్‌ను చదివినవారు నోబుల్‌ను వెంటనే చదువుట మంచిది. ఇక ఏ గ్రంథము చేతికి వచ్చినను, ఈ సంగతి ఏ ప్రయోగమువలన తెలిసినదని అడుగుట పాఠకుని హక్కు; ఆ ప్రశ్నకు బదులీయని గ్రంథమున శైలి యెంత రమ్యమైనను అది నేర్పు గ్రంథముగా పరిగణింపదగదు.