మ్యూజియం నిల్వగదుల్లో ఎలుకల నియంత్రణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• నిల్వగదిలో చిట్టెలుక వల్ల కలిగే నష్టాన్ని వివరించగలుగుతారు.
• పిల్లి, విషపు ఎర, బోను అనే పద్ధతుల మంచిచెడ్డలను బేరీజు వేయగలుగుతారు.
• ఐదంచెల విధానాన్ని మన భవనాలకు ఎట్లా అన్వయించాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

మ్యూజియం అనగానే మీకు అద్దాల పెట్టెలున్న హాలు గుర్తుకు వస్తుంది. కాని చాలా మ్యూజియంల సేకరణలో ఎక్కువ భాగం సందర్శకులకు కనిపించని నిల్వగదుల్లోనే ఉంటుంది. ఆ గదుల తలుపులు కొన్నిసార్లు వారాల తరబడి తెరుచుకోవు. చీకటి, నిశ్శబ్దం, గుడ్డ, కాగితం అన్నీ ఒకేచోట దొరికే ఆ గది చిట్టెలుకకు ఎంతో అనువైనది. ఎలుక కనిపించగానే సాధారణంగా వినిపించే మాట "మందు పెట్టండి". తరువాత అడిగే ప్రశ్న "ఎలుక చచ్చిందా?" ఆ ప్రశ్న సరిపోదని చెప్పడమే ఈ భాగం ఉద్దేశం.

2. నష్టం స్వభావం

చిట్టెలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అందుచేత అది తినలేని వస్తువులను కూడా కొరుకుతుంది, కొరికిన ముక్కలతో గూడు కట్టుకుంటుంది. గర్భధారణ కాలం సుమారు మూడు వారాలే. పుట్టిన పిల్లలు రెండు నెలలు తిరగకముందే తామూ పిల్లలు పెట్టే వయసుకు వస్తాయి.

చేర్యాల పటాన్ని ఉదాహరణగా తీసుకోండి. నకాశీ కళాకారులు ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, చింతగింజల జిగురు, తెల్లమట్టి పట్టించి దానిపై బొమ్మలు వేస్తారు. మనకు కనిపించేది బొమ్మ, ఎలుకకు తెలిసేది గంజి. తోలుబొమ్మ సంగతీ అంతే. ఎంత చక్కని రంగులు వేసినా అది మేకతోలే.

అయితే అన్నిటికంటే పెద్ద నష్టం కంటికి చిన్నదిగా కనిపిస్తుంది. పటం అంచు కొరికితే సంరక్షకులు అతుకు వేయగలరు. వస్తువుకు కట్టిన కాగితపు చీటీని ఎలుక గూటికి ఈడ్చుకుపోతే, ఆ వస్తువు ఏ ఊరిది, ఎవరిచ్చారు, ఎప్పుడు వచ్చింది అనే సమాచారానికి దారి తెగిపోతుంది. రిజిస్టరులో సంఖ్య ఉంటుంది, గదిలో వస్తువు ఉంటుంది, రెండింటినీ కలిపే ముడి మాత్రం ఉండదు.

3. పిల్లి

రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న హెర్మిటేజ్ మ్యూజియం పిల్లులు లోకప్రసిద్ధం. 1745లో ఎలిజబెత్ మహారాణి కజాన్ నుంచి పిల్లులను రాజభవనానికి పంపమని ఆజ్ఞ ఇచ్చింది. ఆ సంప్రదాయం నేటికీ కొనసాగుతోంది. కాని అక్కడి పిల్లులు ఉండేది నేలమాళిగల్లో, వాటిని ప్రదర్శనశాలల్లోకి రానివ్వరు. ఈ ఉదాహరణ చెప్పేవారు చాలామంది ఈ రెండో సంగతి మరచిపోతారు. నిల్వగదిలోకి పిల్లిని వదిలితే దాని మూత్రం, వెంట్రుకలు, గోళ్లు మరో సమస్యగా మారతాయి.

4. విషపు ఎర

విషం గురించి మన దగ్గర గట్టిగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: మందు తిన్న ఎలుక దాహంతో బయటికి పోయి చస్తుందని. ఇది నిజం కాదు. వార్ఫరిన్ 1948 ప్రాంతంలో ఎలుకల మందుగా వాడుకలోకి వచ్చింది. అదీ, తరువాత వచ్చిన బ్రోమాడియోలోన్ వంటివీ రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో అది తిరుగుతూనే, కొరుకుతూనే ఉంటుంది. చివరకు తనకు అలవాటైన గూట్లోనో గోడ సందులోనో చస్తుంది.

నా ఉద్యోగ కాలంలో ఒక చిన్న మ్యూజియం నిల్వగదిలో విషపు ఎర పెట్టాలన్న కాగితం మీద నేనూ సంతకం చేశాను. రెండు వారాల్లో అలికిడి ఆగింది. పని పూర్తయిందని రాసుకున్నాం. కొన్ని నెలల తరువాత బీరువా వెనుక ఎండిన కళేబరం, దాని నిండా డెర్మెస్టిడ్ జాతి పెంకుపురుగుల లార్వాలు కనిపించాయి. ఈ లార్వాలు తోలు, వెంట్రుకలు, ఈకలు తింటాయి. వాటికి కళేబరానికీ తోలుబొమ్మకూ తేడా లేదు. పక్క పెట్టెలోని బొమ్మల్లో ఎలుక కొరికినదాని కంటే అవి తిన్నదే ఎక్కువ. "ఎలుక చచ్చిందా?" అన్న ప్రశ్నకు మా దగ్గర సరైన జవాబే ఉంది. ఎక్కడ చచ్చిందో మాత్రం మేము అడగలేదు.

ధాన్యంతో చేసిన ఎరకు మరో దోషం ఉంది. ఎలుక దాన్ని వస్తువుల మధ్యకు మోసుకుపోయి దాచుకుంటుంది, ఆ గింజలు పురుగులకు ఆహారమవుతాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్లన్న సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

స్ప్రింగ్ బోను ఈ విషయంలో మేలు, ఎందుకంటే చచ్చిన ఎలుక మన కంటికి దొరుకుతుంది. గోడకు ఆనించి, మీట గోడవైపు ఉండేటట్లు పెట్టాలి. ఎరగా తిండికి బదులు దూదిపోగు కట్టవచ్చు, గూడు కట్టే ఎలుక దానికోసం వస్తుంది. ప్రతిరోజూ చూడకపోతే మాత్రం బోను కూడా విషంతో సమానమే. జిగురు అట్ట ఎలుకను గంటల తరబడి హింసిస్తుంది, ఎలుక దాన్ని వస్తువుల మీదికి ఈడ్చుకుపోయే ప్రమాదమూ ఉంది. కాబట్టి దాన్ని ఎలుకల కోసం వాడకూడదు.

5. ఐదంచెల విధానం: మనకు ఎంతవరకు?

కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ ప్రచారం చేసిన క్రమంలో ఐదు అంచెలున్నాయి: నివారించడం, అడ్డుకోవడం, గుర్తించడం, స్పందించడం, కోలుకోవడం. చంపడం నాలుగో అంచెలో వస్తుంది. మనం సాధారణంగా అక్కడే మొదలుపెడతాం.

ఈ క్రమం సరైనదే. కాని దాన్ని యథాతథంగా తీసుకోలేం. సుమారు 6 మిల్లీమీటర్ల సందు ఉన్నా చిట్టెలుక దూరగలదు కాబట్టి అన్నీ మూసివేయమంటారు. ఎయిర్ కండిషనింగ్ ఉన్న భవనానికి ఇది చెల్లుతుంది. గాలి కిటికీల మీదనే ఆధారపడిన మన పాత భవనాల్లో అన్నీ మూస్తే వానాకాలంలో బూజు పడుతుంది. అందువల్ల మన దగ్గర "మూయడం" కంటే "జల్లెడ పట్టడం" ముఖ్యం: కిటికీలకూ తూములకూ 6 మిల్లీమీటర్ల కంటే సన్నని కన్నుల లోహపు జాలీ, తలుపు అడుగున లోహపు పట్టీ, గొట్టాల చుట్టూ సిమెంటు.

నివారించడం అంటే మన అలవాట్లను మార్చుకోవడం. కాపలాదారు టిఫిన్ డబ్బా, ఆయుధపూజ నాటి మరమరాలు, కొబ్బరి చిప్పలు, ఖాళీ అట్టపెట్టెలు నిల్వగదిలో ఉండకూడదు. అయితే కాపలాదారును తప్పుపట్టే ముందు, అతను కూర్చుని తినడానికి వేరే చోటు ఇచ్చామా అని అడగండి.

గుర్తించడానికి ఖర్చు అక్కరలేదు. అడుగు అరను నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంచి, గోడ వెంట నేలకు తెల్లరంగు పట్టీ వేయండి. దాని మీద పెంటికలు స్పష్టంగా కనిపిస్తాయి. చిట్టెలుక పెంటిక 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండి, కొసలు సన్నగా ఉంటాయి. కొసన తెల్లని చుక్క ఉంటే అది బల్లిది. పెంటికలను పొడిగా చీపురుతో ఊడ్చవద్దు. ముసుగు, చేతితొడుగులు ధరించి, నేలను క్రిమినాశిని కలిపిన నీటితో తడిపి ఎత్తండి. వస్తువు మీద మాత్రం ఆ నీళ్లు పడకూడదు.

6. సారాంశం

ఏ పద్ధతినైనా మూడు ప్రశ్నలతో పరీక్షించండి: ఎలుక ఎక్కడి నుంచి వచ్చింది? ఎందుకు ఉండిపోయింది? చచ్చాక ఎక్కడ ఉంది? విషం ఈ మూడింటిలో దేనికీ జవాబు చెప్పదు. బోను మూడోదానికి చెబుతుంది. మొదటి రెండింటికి జవాబు భవనంలోనూ మన అలవాట్లలోనూ వెతకాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వస్తువు దెబ్బతినడం కంటే చీటీ పోవడం ఎందుకు పెద్ద నష్టం?
2. "మందు తిన్న ఎలుక బయటికి పోయి చస్తుంది" అనే నమ్మకాన్ని విమర్శించండి.
3. మీకు దగ్గరలోని గ్రంథాలయం లేదా కార్యాలయపు రికార్డు గదిని పరిశీలించి, ఐదంచెల్లో ఏది లోపించిందో ఒక పుటలో రాయండి.