దీర్ఘాపాంగుని విశ్వాసము

శాకుంతలనాటకమునందలి లేళ్లను తపోవనశోభగా మాత్రమే యెంచుట చాలదు. ప్రథమాంకమున రాజు బాణమునకు వెఱచి, మాటిమాటికి వెనుదిరిగి చూచుచు, సగము నమలిన దర్భలను త్రోవలో రాల్చుచు నొక మృగము పరుగెత్తును. కొంతసేపటికే యదే రథధ్వనికి బెదరక నిలిచిన మృగములను జూచి, యాశ్రమము సమీపించినదని రాజు గుర్తించును. ఈ రెండు తెఱఁగుల మృగములకు నడుమ నున్నది విశ్వాసము. అది యెట్లు కుదురునో కవి చతుర్థాంకమునఁ జూపెను.

ప్రయాణవేళ శకుంతల కొంగు లాగిన లేడిపిల్ల, పుట్టిన కొలఁదికాలమునకే తల్లిని గోల్పోయినది. దర్భమొనలు నోట గ్రుచ్చుకొన్నప్పుడు శకుంతల గాయమునకు గారనూనె పూసినది. చామలు పిడికిళ్లతోఁ బెట్టి పెంచినది. చెట్లు పట్టుపుట్టములను, నగలను ప్రసాదించిన యంకమే యిది! అట్టిచోట సైతము లేడి నమ్మకమును మాత్రము కవి మహిమచేఁ గుదుర్పలేదు. నూనె, చామలు, గడచిన దినములు: సాధనము లివియే.

పంచమాంకమున నుంగరము కానరాక పోఁగా శకుంతల యీ పెంపుడుకొడుకునే స్మరించినది. లతామంటపమున రాజు తామరాకు దొన్నెలోని నీరు చూపఁగా, దీర్ఘాపాంగుఁడు పరిచయము లేమిచే దరి చేరలేదు. ఆ నీటినే యామె పట్టఁగాఁ ద్రావినాఁడు. సజాతీయులను సజాతీయులు నమ్ముదురనియు, వారిరువురు నడవివారే యనియు రాజు నాఁడు పరిహసించెనఁట.

సాక్ష్యముగా నిది దుర్బలము. చూచినవా రిద్దఱే, అం దొకఁడు మఱచినాఁడు. కాని యామె ప్రణయస్మృతిగాఁ జెప్పినదానిలో సామాజికునకు వేఱొకటి వినఁబడును. లేడిపిల్ల నిరాకరించిన చేతినే యామె యల్పపరిచయముతో నమ్మినది. రహస్యస్నేహమును పరీక్షించియే చేయవలెనని శార్ఙ్గరవుఁ డా సభలోనే కఠినముగాఁ బలికెను. ఆ పరీక్షను మృగశాబకము ముందే చేసియుండెను. శాప మున్నందున రాజు దోషి కాఁడనవచ్చును. లేడియు నతని దోషిగా నెంచలేదు, అపరిచితునిగా మాత్రమే యెంచినది.

ఇందులకు రాజిచ్చిన ప్రత్యుత్తరము మిక్కిలి దారుణము. కోకిలలు తమ పిల్లలను పరపక్షులచేఁ బెంపించునని స్త్రీల కపటమున కతఁడు దృష్టాంతము చూపెను. భారతకథలో నడవిపక్షులు కాచిన శిశువే శకుంతల. ఆ పేరును పక్షులనుండియే వచ్చినది. అయితే భారతమున నుంగరమును లేదు, శాపమును లేదు, దీర్ఘాపాంగుఁడును లేఁడు.

సప్తమాంకమున సర్వదమనుఁడు తల్లిపాలు సగమే కుడిచిన సింహపుపిల్లను బలిమి నీడ్చి, పండ్లు లెక్కింపఁబూనును. దానిని మచ్చిక చేయు నోపిక వానికి లేదు, వేఁటకాని కొడుకు! అట్టివాఁడు రాజు చేతికి లొంగఁగా తాపసి విస్మయపడును. అపరిచితుని యెడల నీ బాలుఁడు ప్రతికూలుఁడు కాలేదేమని యామె వెఱఁగు. లేడి విషయమున వాడిన ‘పరిచయ’శబ్దమునే కవి యిచ్చటను మరల వాడెను. నాఁడు లతామంటపమున రాజు నవ్వుచుఁ బలికిన సజాతీయుల మాట, కొడుకు నంటిన యీ ఘడియలో నతనికే వర్తించినది; ఆ మాట నన్న సంగతి యతఁడు తలఁచుకొనినట్లు మాత్రము కవి చెప్పలేదు.