దెబ్బ ఎలా మోగింది?

జపాను ఇంజినీర్ల పక్కన నిలబడే దుబాసీకి నిఘంటువు కన్నా చెవి ముఖ్యం. యంత్రం మొరాయించిందంటే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏ భాగం పాడైందని కాదు, ఎలా మోగిందని. కొత్సున్‌మందా, గొత్సున్‌మందా? దొసున్‌మందా, దొషిన్‌మందా? సరదాకి అడిగేవి కావు ఇవి. జవాబును బట్టి చేతిలోకి పానా అయినా వస్తుంది, లైను మొత్తం ఆపమనే కేక అయినా వస్తుంది.

రేకు వంచే పెద్ద ప్రెస్సు ముందు సత్యవేడు కుర్రాడొకడు ఇలా చెప్పాడు: "పైకి పొయ్యేటప్పుడు ఏం లేదు సార్. కిందికి దిగినాక దబ్బుమంటాంది." మన 'దబ్బు'లో చాలా ఇమిడిపోతాయి. దిండు పడినా దబ్బే, దూలం పడినా దబ్బే. నోరు తెరిచే ముందు నేను అతణ్ణే అడిగాను: "మూట పడినట్టా, ఇనుము ఇనుముకు తగిలినట్టా?" "ఇనుమే సార్. లోపల్నుంచి." అప్పుడు గొత్సున్ అన్నాను. మూటదైతే దొసున్ అనేవాణ్ణి. ఇంజినీరు పైకి చూడనే లేదు, నేరుగా డై కిందికి టార్చి వేశాడు. అక్కడ బోల్టు వదులైంది.

కొత్సున్‌కీ గొత్సున్‌కీ తేడా, రాతలో రెండు బుల్లి గీతలు. 'క' అక్షరం భుజాన ఆ గీతలు పెడితే 'గ', 'త'కు పెడితే 'ద'. వాటిని దకుతెన్ అంటారు. 'దకు' అంటే కలక, మడ్డి. ధ్వని కలకబారితే వస్తువు బరువెక్కిందని లెక్క. తొన్‌తొన్ అంటే వేలి కణుపుతో తలుపు తట్టడం, దొన్‌దొన్ అంటే పిడికిలితో బాదడం. గోలీ దొర్లితే కొరొకొరొ, బండరాయి దొర్లితే గొరొగొరొ. ఉరుము కూడా గొరొగొరొయే. క చ ట త పలు పరుషాలు, గ జ డ ద బలు సరళాలు అని బళ్లో వల్లె వేసినవాళ్లకు, ఆ సరళాలే అక్కడ బండరాళ్లు మోస్తున్నాయంటే ఓ పట్టాన మింగుడుపడదు. మనకు బరువు కావాలంటే ఒత్తు ఉంది. దడదడ కన్నా ధడధడ ఎక్కువ, డాం కన్నా ఢాం ఎక్కువ. జపాను భాషలో ఒత్తులు లేవు, ఆ చాకిరీ అంతా రెండు గీతల నెత్తిన పడింది.

మాట మొదలు బరువు చెబితే, మాట కొస ఆ తర్వాతి సంగతి చెబుతుంది. 'న్'తో ముగిస్తే అదురు మిగిలిందని. గొంతు నొక్కినట్టు తెగ్గొడితే, కప్పు మీది మంచు ముద్ద జారిపడ్డట్టు, అక్కడితో సరి. అచ్చు సాగితే చప్పుడు మోగుతూనే ఉందని. జుషిన్ అనేది చెవికన్నా ముందు అరికాలికి తెలిసే దెబ్బ. 1954లో హోండా ఇషిరో తీసిన గాడ్జిల్లాలో మృగం కనబడకముందే, పేర్లు పడేటప్పుడే అడుగుల చప్పుడు మొదలవుతుంది. అలాంటి అడుగుకు పెట్టిన మాట జుషిన్.

ఇక ఏదీ ఎక్కడా పడకపోయినా ఈ దెబ్బలన్నీ మనుషులకు తగులుతూనే ఉంటాయి. ఒకరి మాట గుండెలో లోతుగా దిగి అక్కడే ఉండిపోతే అది జుషిన్. ఎదురుగా వచ్చి నుదుటికి తగిలితే గత్సున్: పై అధికారి చీవాట్లయినా, ఘాటైన సారా మొదటి గుక్కయినా. గాన్ అసలు గంట మోత. దిమ్మతిరిగే వార్త విన్నవాడి తల వెనక కామిక్సుల్లో ఆ అక్షరాలు రాసీ రాసీ, చివరికి జనం నోటితోనే "గాన్!" అనేసి నవ్వుకోవడం మొదలుపెట్టారు. అరిగిపోయిన దెబ్బ అది. తలనొప్పికి వాడే గన్‌గన్ మాత్రం ఇంకా అరగలేదు, వైద్యుడి దగ్గర నిక్షేపంగా చెల్లుతుంది. దొస్సరి అంటే దండిగా, మోపులకొద్దీ అని. దొష్షిరి అంటే కదిలిస్తే కదలని మనిషి తీరు. నాకు వీటన్నిటిలో ఇష్టమైన మాట అదే.

గత్సున్‌తో మాత్రం ఇప్పటికీ పేచీయే. సరుకు ఆలస్యం చేస్తున్నవాడికి "గత్సున్ అని చెప్పు" అంటాడు మేనేజరు. మనకేమో వాయించడం ఉంది, దులపడం ఉంది, కడిగెయ్యడం ఉంది. అన్నీ అరగంట కార్యక్రమాలే. గత్సున్ ఒక్కటే దెబ్బ, ఒక్కటే మాట. "ముఖాన కొట్టినట్టు" దగ్గరే గానీ అందులో అవమానం పాలు ఎక్కువ. చివరికి "ఒక్క మాటే అనండి, తగలాలి" అని చెప్తున్నాను.

అయినా తెలుగువాళ్లకు ఈ పనిలో ఒక సుఖం ఉంది. దొన్ తర్వాత వాళ్లు 'తొ' చేరుస్తారు, ధబ్ తర్వాత మనం 'మని' చేరుస్తాం. ఎవరో అన్న మాటను చెప్పేటప్పుడు వాడేదీ ఆ 'తొ'నే, ఆ 'అని'నే. అంటే బస్తా పడలేదు, బస్తా 'ధబ్' అంది. వస్తువులకు నోరుందని రెండు భాషలూ ఒప్పుకున్నాయి. గుండె గుభేలుమంది అన్నప్పుడు అన్నది గుండే.

కామిక్సులు దొన్‌ను ఇంకా దూరం తీసుకుపోయాయి. ఓదా ఎయిచిరో 1997లో మొదలుపెట్టిన 'వన్ పీస్'లో కథానాయకుడు ఊరికే నిలబడ్డా పక్కన పెద్దక్షరాలతో దొన్! పడిందేమీ లేదు, మనిషి బరువే చప్పుడయింది. 2014లో ఏడాది మేటి మాటల్లోకెక్కిన కబెదొన్ అయితే, అమ్మాయిని గోడకు చేర్చి పక్కన చెయ్యి దబ్బున ఆనించే అబ్బాయి విన్యాసం. అంతకుముందు అదే మాటకు, పల్చటి గోడల అద్దె ఇళ్లలో పక్కవాటా గోల భరించలేక గోడ బాదడమని అర్థం. నా ఓటు ఆ పాత అర్థానికే.

ఇలా చెప్పుకుపోతుంటే ఇవన్నీ పిల్లల మాటలనిపిస్తాయి. మన పత్రికలూ అలాగే చూస్తాయి. రూపాయి పడితే శీర్షికలో 'ఢమాల్' అంటాం, కింద వార్తలోకి దిగగానే 'క్షీణించింది' అని సర్దుకుంటాం. 1945 ఆగస్టు 6 ఉదయం 8.15కు హిరోషిమా మీద పడ్డదానికి అక్కడి జనం పెట్టుకున్న పేరు పికదొన్. పిక మెరుపు, దొన్ పేలుడు. పండితులు పెట్టింది కాదు, బతికి బయటపడ్డవాళ్ల నోట వచ్చింది. బాంబు పడ్డ చోటికి దగ్గర్లో ఉన్నవాళ్లలో చాలామందికి వెలుగే గుర్తు, చప్పుడు విన్న జ్ఞాపకమే లేదు. వాళ్లలో కొందరు ఉత్త 'పిక' అనేవారు. దొన్ దూరాన ఉన్నవాళ్లది. మనిషి ఆ ఉదయం ఎక్కడున్నాడో ఆ మాట పలకడంలోనే తెలిసిపోయేది. చిత్రకారులు మరుకి ఇరి, మరుకి తోషి దంపతులు 1950లో తెచ్చిన బొమ్మల పుస్తకానికీ అదే పేరు.

దాన్ని గురించి తెలుగులో రాయాల్సి వచ్చినప్పుడు 'తళుక్కు-ఢాం' అని రాసి కొట్టేశాను. తళుక్కు మనకు ముక్కుపుడకది, ఢాం దీపావళిది. పికదొన్ అనే ఉంచి, పిక ఎవరిదో దొన్ ఎవరిదో పక్కన ఒక వాక్యం చేర్చి పంపించాను.