కొత్త సంగతి చెప్పే షరతులు

డిగ్రీ గణితంలో సదిశాంతరాళాల పాఠం మొదలవగానే ఎదురయ్యే లెక్క ఒకటుంది. మూడో డిగ్రీ దాటని బహుపదులన్నిటినీ కలిపి ఒక అంతరాళంగా తీసుకుంటే దాని డైమెన్షన్ ఎంత? చాలామంది తడుముకోకుండా 3 అంటారు. జవాబు 4. స్థిరపదం, ఎక్స్, ఎక్స్², ఎక్స్³ అనే నాలుగింటి గుణకాలనూ మన ఇష్టం వచ్చినట్టు ఎంచుకోవచ్చు. వీటిలో ఏదీ మిగతావాటిలోంచి పుట్టదు. ఎందుకంటే ఈ నాలుగింటి కలయిక ఎక్స్ ఏ విలువ తీసుకున్నా సున్నాయే కావాలంటే దానికి అంతులేనన్ని శూన్యాలుండాలి. గుణకాల్లో ఒక్కటి సున్నా కాకపోయినా శూన్యాలు మూడుకు మించవు. కనుక గుణకాలన్నీ సున్నాలే. చూడటానికి చిన్న వాదనే గాని, ఈ విద్యకంతా ఇదే పునాది.

1888లో ఇటలీ గణితవేత్త జుసెప్పె పియానో సదిశాంతరాళానికి ఈనాటి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదానికి చాలా దగ్గరి నిర్వచనం ఇచ్చారు. ఆయన చూపిన ఉదాహరణల్లో బహుపదులున్నాయి. డిగ్రీకి 'ఎన్' అని హద్దు పెడితే డైమెన్షన్ ఎన్+1, హద్దు తీసేస్తే అనంతం అని అప్పుడే తేల్చేశారు.

ఉపాంతరాళాల దగ్గర అసలు నైపుణ్యం మొదలవుతుంది. ఎక్స్=1 దగ్గర సున్నా అయ్యే బహుపదులను మాత్రమే ఏరుకున్నామనుకోండి. వాటిలో ఏ రెండిటిని కూడినా, దేన్ని ఏ సంఖ్యతో హెచ్చవేసినా 1 దగ్గర సున్నాయే వస్తుంది. కనుక అది ఉపాంతరాళం. సున్నా బదులు విలువ 1 కావాలంటే మాత్రం చెల్లదు, రెండిటిని కూడగానే విలువ 2 అయిపోతుంది. సున్నా కావాలన్న ఒక్క షరతు ఒక స్వేచ్ఛను మింగుతుంది, నాలుగులో మూడు మిగులుతాయి. ఎక్స్−1 అనే కారణాంకాన్ని 1తో, ఎక్స్‌తో, ఎక్స్²తో గుణిస్తే ఆధారం, అంటే ఈ ఉపాంతరాళంలోని అన్నిటినీ కట్టే స్వతంత్ర బహుపదుల జట్టు, చేతికొస్తుంది.

ఇంత సులువుగా కుదిరేసరికి, షరతులు లెక్కపెట్టి తీసివేస్తే చాలన్న ధీమా వస్తుంది. ఆ ధీమాను పరీక్షించే లెక్క చూడండి. రెండో డిగ్రీ దాటని బహుపదులకు రెండు షరతులు పెడదాం: 1 దగ్గరా −1 దగ్గరా విలువ ఒక్కటే కావాలి, సున్నా దగ్గర అవకలజం సున్నా కావాలి. డైమెన్షన్ 3, షరతులు 2, మిగిలేది 1 అనిపిస్తుంది. కానీ మొదటి షరతును విప్పితే ఎక్స్ గుణకం సున్నా అని వస్తుంది. రెండోదాన్ని విప్పినా అదే. వేషాలు రెండు, మనిషి ఒక్కడే. కాబట్టి డైమెన్షన్ 2, ఆధారం 1, ఎక్స్². ఇవే షరతులు మూడో డిగ్రీ దాకా ఉన్న బహుపదులకు పెడితే మొదటిది ఎక్స్, ఎక్స్³ గుణకాల మొత్తం సున్నా అంటుంది, రెండోది ఎక్స్ గుణకం సున్నా అంటుంది. ఇప్పుడు అవి నిజంగానే రెండు. నాలుగులోంచి రెండు పోగా డైమెన్షన్ మళ్లీ 2, ఆధారం మళ్లీ 1, ఎక్స్². గది పెద్దదైనా లోపలికి కొత్తగా ఎవరూ రాలేదు.

ఈ మెలిక పెద్దపెద్దవాళ్లనే నిలబెట్టింది. రెండు చలరాశుల్లో మూడో డిగ్రీ దాటని బహుపదులకు పదాలు 1+2+3+4, అంటే 10. అలాంటి బహుపదిని సున్నాకు సమానం చేస్తే వచ్చేదే ఘన వక్రం. అది ఒక బిందువు గుండా పోవాలంటే గుణకాల మీద ఒక షరతు. తొమ్మిది బిందువులిస్తే పదిలోంచి తొమ్మిది పోయి ఒకటే మిగలాలి, అంటే ఒకే వక్రం (గుణకాలన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించినా వక్రం మారదు). మరి రెండు ఘన వక్రాలు ఒకదాన్నొకటి తొమ్మిది చోట్ల ఖండించుకోగలవు కదా! ఆ తొమ్మిది గుండా రెండు వక్రాలు ఎలా పోతున్నాయి? గణితవేత్త గాబ్రియేల్ క్రామర్ 1744లో తోటి గణితవేత్త ఆయిలర్‌కు ఈ సందేహమే రాశారు.

1750లో బెర్లిన్ అకాడమీ సంపుటంలో అచ్చయిన వ్యాసంలో ఆయిలర్ 3ఎక్స్−2వై=5, 4వై=6ఎక్స్−10 అనే జంటను చూపించారు. సమీకరణాలు రెండు గాని చెప్పేది ఒక్కటే. తొమ్మిది బిందువుల విషయంలోనూ అదే జరగవచ్చు. మీరే గళ్ల కాగితం మీద చూసుకోండి: ఎక్స్, వై విలువలు −1, 0, 1లలో ఏవైనా అయిన తొమ్మిది బిందువులు పెట్టండి. ఎక్స్³−ఎక్స్, వై³−వై రెండూ ఆ తొమ్మిది చోట్లా సున్నాలే. ఎనిమిది బిందువులు పెట్టాక తొమ్మిదోది కొత్తగా చెప్పేదేమీ లేదు. సదిశాంతరాళం అన్న ఊహ ఇంకా పుట్టని రోజుల్లోనే స్వతంత్రత ఎంత కీలకమో ఆయిలర్ పట్టుకున్నారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒకే చలరాశి ఉన్నప్పుడు మాత్రం ఈ బెడద లేదు. రెండో డిగ్రీ దాటని బహుపదికి మూడు వేర్వేరు చోట్ల విలువలిస్తే ఆ షరతులు ఎప్పుడూ స్వతంత్రాలే. 1979లో ఆది షమీర్ రహస్యాన్ని పంచే పద్ధతిని దీనిమీదే నిలిపారు. ఒక ప్రధానసంఖ్యతో భాగించగా వచ్చే శేషాల లెక్కలో అలాంటి బహుపదిని యాదృచ్ఛికంగా ఎంచుకుని, దాని స్థిరపదంలో రహస్యాన్ని దాచి, ఒక్కో మనిషికి ఒక్కో విలువ ఇస్తారు. ఏ ముగ్గురు కలిసినా రహస్యం బయటపడుతుంది. ఇద్దరే కలిస్తే ఒక స్వేచ్ఛ ఇంకా మిగిలే ఉంటుంది, కనుక రహస్యం ఏ సంఖ్యైనా కావచ్చు. అక్కడ డైమెన్షనే కాపలా.

పరీక్షలో ఎన్+1 అని రాసి మార్కు తెచ్చుకోవడంతో ఈ పాఠాన్ని ముగించవద్దని విద్యార్థులకు నా మనవి. షరతు కనబడగానే తీసివేయకండి, గుణకాల భాషలోకి విప్పి చూడండి. ఇదొకటి ప్రయత్నించండి: మూడో డిగ్రీ దాటని బహుపదులు −1, 0, 1 దగ్గర సున్నా కావాలి, పైగా −1 నుంచి 1 వరకు సమాకలని కూడా సున్నా కావాలి. షరతులు నాలుగు, అయినా డైమెన్షన్ సున్నా కాదు, 1. ఎందుకో తెలియాలంటే సింప్సన్ సూత్రాన్ని ఒకసారి ఈ మూడు బిందువులకూ రాసి చూడండి.