గజేంద్రుని సందియము

తెలుఁగుదేశమున భాగవతము చదువని యింటనైనను గజేంద్రమోక్షములోని పద్యములు రెండుమూఁడు వినఁబడుచునే యుండును. పదునైదవ శతాబ్దమునాఁటి బమ్మెర పోతన రచించిన యష్టమస్కంధములోని యీ కథ బాలుర పాఠములలోను, వృద్ధుల ప్రాతఃస్మరణమునందును, రోగి శయ్యచెంతను చోటు సంపాదించుకొన్నది. ఇంత పరిచితమైన కావ్యభాగమునకు విమర్శ మేల యని పాఠకమహాశయు లడుగవచ్చును. ఆ యతిపరిచయమే విమర్శకుఁ గారణము. కంఠస్థమైన పద్యము నాలుకకు దగ్గఱయైనకొలఁది బుద్ధికి దూరమగుచుండును.

ఈ కథను మనవారు రెండు విధములుగాఁ జదువుచున్నారు. మానవయత్నము వ్యర్థమనియు, చేతులు ముడుచుకొని మొఱపెట్టినఁ జాలుననియు నొక వర్గమువా రందురు. మొసలిని జంపుటకు వైకుంఠమునుండి భగవంతుఁడు పరుగెత్తి వచ్చెననుట బాలురకుఁ దగిన కల్పన యని యింకొక వర్గమువారు త్రోసివేయుదురు. ఈ యుభయులును కథ మొదలును తుదను మాత్రమే చూచి నడుమ నున్నదానిని విడిచిపెట్టినారు. పోతన హృదయమంతయు నా నడుమనే యున్నది.

మొదట పోరును జూడుఁడు. గజరాజు మొసలి పట్టిన తత్క్షణమే దేవుని బిలువలేదు, వేయేండ్లు పోరాడెను. నీరు మొసలికి స్థానబలము. కాన దినదినమును దాని శక్తి పెరుగుచుండఁగా నేనుఁగు శక్తి తఱుగుచుండెను. చేయఁదగినదంతయు చేసిన పిమ్మటనే మొఱ పుట్టినది. కావున దీనిని సోమరులకు ధర్మశాస్త్రముగాఁ జేయుట కవికిఁ జేసిన యన్యాయము.

తరువాత నా మొఱలోని సందియము. దీనులయెడ నుండునని లోకము చెప్పెడి యా దేవుఁడు నిజముగా నున్నాఁడా యని గజేంద్రుఁ డడుగుచున్నాఁడు. ఇది యొకమాఱు వచ్చి తొలఁగిపోయిన శంక కాదు. బలము సడలినదనియు, ధైర్యము చలించినదనియు నొప్పుకొని, నీవు తప్ప నన్యుని నెఱుఁగనని శరణుచొచ్చిన పిదపఁగూడ, పిలిచినవారికి పలుకుదువని విన్నమాటయందు సందేహము కలుగుచున్నదని మరల విన్నవించుచున్నాఁడు. శరణాగతికిఁ బిమ్మటఁ గూడ సంశయమును నిలుపుటకు కవికెంత నిర్భయత్వము కావలయును! మన యిండ్లలో బిడ్డను బోఁగొట్టుకొన్న తల్లి దేవుఁ డున్నాఁడా యని యేడ్చినచో, అట్లనరాదని పెద్దలు నోరు మూయింతురు. పోతన యా నోరు మూయింపలేదు. గజేంద్రుఁడు తన సందియమును దేవునికి వెన్ను చూపి లోకముతోఁ జెప్పలేదు. దయాసముద్రుఁడా యని సంబోధించి యాతనితోనే చెప్పికొన్నాఁడు. విశ్వాసమునకు విరోధి సందేహము కాదు, మాటాడుట మానివేయుటయే.

ఇఁక సామాన్యముగా నెవ్వరును నిలిచి చూడని ఘట్ట మొకటి కలదు. సంస్కృతమూలమున తక్కిన యేనుఁగులు వెనుకనుండి పట్టి లాగియు తమ ప్రభువును గట్టెక్కింపలేకపోయినవి. పోతన యాఁడేనుఁగుల గుంపును జూపించుచు, ఒంటిగాఁ బోరువానిని విడిచిపోవుటకు వానికిఁ గాళ్ళు రాలేదని చెప్పినాఁడు. అవి చేయఁగలిగిన దేమియు లేదు, అయినను నిలిచినవి. ఈ నిలుచుట నిష్ఫలమని తలఁపరాదు. ఆపదలోనున్న పొరుగింటివాని ఋణమును మన మెల్లరము తీర్పలేము, రోగమును మాన్పలేము. కాని వాకిటికిఁ బోయి కూర్చుండఁగలము. భగవంతుని విశ్వాస్యత నిత్యజీవనమున మనకు మొదట కనఁబడునది చక్రాయుధమువలనఁ గాదు, విడిచిపోని మనుష్యులవలననే.

రక్షకుని రాకను వర్ణించుటలో పోతన మూలమును దాఁటినాఁడు. మూలమున హరి చక్రము ధరించి గరుడవాహనుఁడై వచ్చును. తెలుఁగున నాతఁడు లక్ష్మికిఁ జెప్పఁడు, శంఖచక్రములఁ గొనఁడు, గరుడునిఁ బిలువఁడు, చెదరిన జుట్టును సవరించుకొనఁడు. ఇది చమత్కారము మాత్రమే కాదు. దయకుఁ దొందర సహజమని యిందలి భావము. పరివారమును, లాంఛనమును, ముహూర్తమును జూచుకొని చేసెడి మన యుపకారములకు దీనికన్న గొప్ప మందలింపు లేదు.

పూర్వజన్మవృత్తాంతము దీనికిఁ బరిపూర్తి. గజేంద్రుఁడు వెనుక నింద్రద్యుమ్నుఁడను ద్రవిడరాజు. మౌనవ్రతముతో హరి నర్చించుచుండఁగా నగస్త్యుఁడు వచ్చెను. రాజు లేవలేదు, పలుకలేదు. శాపము పొంది యేనుఁగాయెను. ఆతని దోషము నాస్తికత్వము కాదు, వాకిటికి వచ్చినవానిని జూడనీయని పూజ. దైవధ్యానమున మునిఁగి మనుష్యుని మఱచినవాఁడు మనుష్యజన్మమునే కోలుపోయెనని పురాణమే చెప్పుచుండఁగా, మడి పేరిట పొరుగువానిని గడపదాఁటనీయనివారు గజేంద్రమోక్షమును బారాయణము చేయుట యెంత వింత!

ఈ భావము కావ్యమునకే పరిమితము కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జేయించినపుడు, వెలికి వెఱచి పరిచారకులు తొలఁగిపోఁగా రాజ్యలక్ష్మమ్మగారు తామే నీళ్ళు మోసి వంట చేసిరి. పంతులుగా రేకేశ్వరవాది. ఆ దంపతుల దైవవిశ్వాసము బిందె మోయుటయందుఁ గనఁబడినది. ఆ పెండ్లికూఁతురు భగవంతుఁడు తన్ను మఱవలేదని గ్రహించుటకు నంతకన్న వేఱు నిదర్శన మేల?

లోప మొకటి చెప్పవలసియున్నది. కథాంతమున, దీనిని బఠించినవారికి దుస్స్వప్నములు నశించునని ఫలశ్రుతి కలదు. ఇది మూలమునుండి వచ్చినదే యైనను, కావ్యమును రక్షరేకుగా మార్చుట కిదియే త్రోవ యైనది. అర్థము తెలియకుండ వల్లించినను ఫలము కలుగునన్నచో, ఇంద్రద్యుమ్నుని కథ చెప్పుట యెందులకు? చదువరులు ఫలశ్రుతిని విడిచి తక్కినదానిని మనసున నిలుపుకొనుట మేలు.

మొఱపెట్టిన వారందఱికిని చక్రము రాలేదే యని యొకరు ప్రశ్నింతురు. నిజమే. ఏఱు పొంగి పంట పోయినవారికిని, అప్పులలో మునిఁగినవారికిని విమానము దిగిరాలేదు. ఈ ప్రశ్నకు పోతన కథలో సులభమైన సమాధానము లేదు. ఉన్నదని చెప్పువారు వేయేండ్ల పోరును మఱచినవారు. కాని యాశ యనఁగా శుభము రేపే కలుగునని పందెము వేయుట కాదు. సాయము తోఁచని వేళఁ గూడ ప్రయత్నమును విడువకుండుట, సందియమునైనను దేవుని యెదుటనే పలుకుట, ఒడ్డున నున్నవారు కదలిపోకుండుట, ఈ మూఁడును గలసినదే యాశ. ఇందు మొదటి రెండును మడుగులో నున్నవాని పని, మూఁడవది మనది. ఆ మూఁడవదానిని మనము చేయక, దేవుఁడేల రాలేదని యడుగుటకు మనకు హక్కు లేదు.