జవాబు చెప్పడమూ వైద్యమే

ఎదురుగా కూర్చున్న రోగికి మందు రాయడం ఒక విద్య. నాడి పట్టకుండా, ముఖం చూడకుండా, ఉత్తరంలోని నాలుగు ముక్కలు చదివి, అదే బాధతో లోలోపల కుమిలిపోయే వేలమందికి ఒక్కసారే ధైర్యం చెప్పడం మరో విద్య. ఈ రెండో విద్యలో డాక్టర్ సమరం గారిని మించినవారు తెలుగునాట లేరని నా గట్టి నమ్మకం.

ఈ బాట పాతదే. అల్లోపతీ, ఆయుర్వేదం రెండూ చదువుకున్న ఆచంట లక్ష్మీపతి గారు ఆ రోజుల్లోనే వైద్యం గురించి తెలుగులో రాశారు. ‘కాలాతీత వ్యక్తులు’ రాసిన పి.శ్రీదేవి, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో పనిచేసిన నవలాకారుడు కేశవరెడ్డి కూడా డాక్టర్లే. ఈ ఇద్దరి కలం కథల వైపు నడిచింది. సమరం గారు మాత్రం పాఠకుడి ప్రశ్నను పట్టుకుని ఉండిపోయారు. ఆయన నాస్తికోద్యమ నేత గోరా కుమారుడు. విజయవాడలో ప్రాక్టీసు, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) జాతీయ అధ్యక్ష పదవి, టీవీ చర్చలు ఇన్ని ఉన్నా ‘స్వాతి’ వారపత్రికలో ఏళ్ల తరబడి జవాబులు రాస్తూనే వచ్చారు. సెక్స్ అనే మాట ఇంట్లో ఎత్తితే వీపు చిట్లే రోజుల్లో, ఆ మాటను కుటుంబ పత్రికలో సైన్సుగా నిలబెట్టడం సామాన్యమా!

ఇందులోని పనితనం చూడండి. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడ్డాయేమో, పెళ్లికి పనికిరానేమో అని ఒక కుర్రాడు రాస్తాడు. మంచి జవాబు మొదటి వాక్యంలోనే ‘ఇది జబ్బు కాదు’ అని తేల్చేస్తుంది. వీర్యం ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉంటుందని, అది పోతే ఒంట్లో బలం పోదని తర్వాత వివరిస్తుంది. మందులకు డబ్బు తగలేయొద్దంటుంది. నిజంగా ఫలానా లక్షణం ఉంటేనే డాక్టరు దగ్గరికి వెళ్లమంటుంది. ముందు భయం తీరాలి, పాఠం ఆ తర్వాతే. ఈ వరస తప్పితే జవాబు ఉపన్యాసమైపోతుంది.

పచ్చకామెర్లకు పసరు పోయించుకుంటే తగ్గింది కదా అని అడిగినవాణ్ణి వెక్కిరించకూడదు. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్-ఎ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది, పేరు పసరుకు దక్కుతుంది. అదే పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లయితే, పసరు కోసం తిరిగిన రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. ఇలా విడమరిచి చెబితే వింటారు, తిడితే వినరు.

రేడియోలో ఈ పని ఇంకా కష్టం. వినేవాళ్లు వెనక్కి తిరిగి చదువుకోలేరు. విరేచనాలైన పిల్లకు ఇంట్లోనే ఉప్పు, పంచదార నీళ్లు కలిపి పట్టమని చెప్పాలంటే లీటరు శుభ్రమైన నీళ్లు, గుట్టగా కాకుండా సమంగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు అని నింపాదిగా చెప్పాలి. ఉప్పు కొలత రెండోసారి చెప్పాలి, ఎందుకంటే అది ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం. మైకు ముందు కూర్చున్న మంచి డాక్టరుకు అవతల గిన్నె పట్టుకుని నిలబడ్డ తల్లి కనిపిస్తూ ఉండాలి.

ఇంత గొప్ప విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతోంది. ఒకప్పుడు లాడ్జీలో గది తీసుకుని ‘నరాల బలహీనత’ పేరిట కుర్రాళ్ల జేబులు కొట్టినవాళ్లుండేవారు. వాళ్ల వారసులు ఇవాళ ఫోనులోనే దుకాణం తెరిచారు. షుగరు శాశ్వతంగా మాయమట, ఇన్సులిన్ పారేయండట! టైప్-1 షుగరున్న పిల్లకు ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. అది వైద్య సలహా కాదు, హత్యాయత్నం. మెడలో స్టెతస్కోపు వేసుకుని అమ్మకపు సరుకును పొగిడే డాక్టర్లు వీళ్లకు తీసిపోరు. సమరం గారి తరహా జవాబుకూ ఈ అరుపులకూ పోలికే లేదు.

మెడికల్ కాలేజీలవారికి నా విన్నపం: రోగి ప్రశ్నకు తెలుగులో పది వాక్యాల జవాబు రాయడం పరీక్షలో పెట్టండి. సంపాదకులారా, ప్రకటనలకిచ్చే చోటులో అర పేజీ నిఖార్సయిన డాక్టరుకివ్వండి. పాఠకులారా, ఆరోగ్యం వీడియోను నలుగురికి పంపే ముందు, చెప్పేవాడు ఏం చదివాడో, చివర్లో ఏం అమ్ముతున్నాడో చూడండి. అమ్మేది ఉంటే అక్కడే ఆపేయండి.