నాయకచరిత్ర దృశ్యరూపకాలు: సంక్షోభ చిత్రణలో రాజకీయ పక్షపాతం

వ్యాససంగ్రహం

తెలుగు రాజకీయ నాయకుల జీవితాల ఆధారంగా 2019 నుండి చలనచిత్రాలు, వెబ్ సిరీస్‌లు వరుసగా వెలువడుతున్నాయి. వీటిలో పలు రచనలు ఒక రాజకీయ సంక్షోభాన్ని కథకు ఆయువుపట్టుగా స్వీకరించాయి. ‘ఎన్టీఆర్ మహానాయకుడు’, ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’, ‘మయసభ’ రచనల్లో 1984, 1995 ఆగస్టు సంక్షోభాల చిత్రణను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పక్షపాతం అసత్యకథనంలో కంటే కథాంశాల ఎంపికలో ఎక్కువగా ఉంటుందని ప్రతిపాదిస్తుంది. విశాఖ ఉక్కు ఉద్యమాన్ని తులనాత్మక ఉదాహరణగా తీసుకొని, నాయకకేంద్రిత కథనం పరిమితులను నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: నాయకచరిత్ర, ప్రతినాయకుడు, ఔచిత్యం, ఆగస్టు సంక్షోభం, విశాఖ ఉక్కు ఉద్యమం, వెబ్ సిరీస్.

1. ఉపోద్ఘాతం

1984 ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వం బర్తరఫ్ అయిన నాటికి దేశంలో ఉన్న ఏకైక టెలివిజన్ దూరదర్శన్. అది కేంద్రప్రభుత్వ అధీనంలో ఉండేది. ఆ సంక్షోభాన్ని తెలుగు పాఠకుడు ప్రధానంగా దినపత్రికల ద్వారా అనుసరించాడు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో పుట్టిన ‘ఈనాడు’ అందులో రామారావు పక్షాన నిలిచి కీలకపాత్ర వహించింది. 1995 ఆగస్టులో రెండవ సంక్షోభం వచ్చేసరికి తెలుగు ప్రైవేటు ఛానళ్ళ యుగం మొదలైంది. ఈటీవీ ప్రసారాలు ఆ నెల 27వ తేదీనే ఆరంభమయ్యాయి.

ఆ రెండు సంక్షోభాలను ప్రత్యక్షంగా ఎరిగిన తరం క్రమంగా తరుగుతోంది. తర్వాతి తరానికి అవి ఇంటి తెరమీద, చేతిలోని ఫోనులో కథలుగా చేరుతున్నాయి. పాఠ్యపుస్తకం చెప్పని సమకాలీన చరిత్రను దృశ్యరూపకం చెబుతోంది. కనుక ఆ కథలు ఎవరి పక్షాన నిలబడి చెప్పబడుతున్నాయన్న ప్రశ్న కేవలం రాజకీయ ప్రశ్న కాదు. అది సాహిత్య విమర్శకు సంబంధించిన ప్రశ్న కూడా.

2. నాయకౌచిత్యం: ప్రాచీన నియమం, ఆధునిక సమస్య

నాయకుని దోషాలను మరుగుపరచడం మన నాటకరంగానికి కొత్త కాదు. ప్రఖ్యాత కథలో నాయకుని ఔదాత్యానికి గాని, రసానికి గాని విరుద్ధమైన అంశం ఉంటే దానిని విడిచిపెట్టాలని, లేదా మార్చి కల్పించాలని ధనంజయుని దశరూపకం నిర్దేశించింది. వ్యాఖ్యాత ధనికుడు వాలివధను ఉదాహరించాడు. మాయురాజు తన ‘ఉదాత్తరాఘవం’లో చాటునుండి వాలిని చంపిన ఘట్టాన్ని పూర్తిగా వదిలివేశాడు. భవభూతి ‘మహావీరచరితం’లో వాలి రావణుని మైత్రి కారణంగా తానే రాముని చంపవచ్చి, రాముని చేతిలో మరణించినట్లు మార్చాడు.

ఈ నియమం రసనిష్పత్తిని దృష్టిలో పెట్టుకొని చేసినది. మూలకథ ప్రేక్షకులందరికీ తెలుసు కాబట్టి నాటకకర్త ఏది మార్చాడో కూడా వారికి తెలుస్తుంది. వాలి వంశీయులెవరూ ఎన్నికల్లో పోటీ చేయలేదు. ఆధునిక నాయకచరిత్రలో పరిస్థితి వేరు. ప్రేక్షకునికి మూలకథ తెలియదు, కథలోని వ్యక్తులు లేదా వారి వారసులు అధికారంలో గాని, ప్రతిపక్షంలో గాని ఉంటారు. ప్రాచీన నాటకంలో ఔచిత్యమైనది ఇక్కడ పక్షపాతమవుతుంది.

ఆ పక్షపాతాన్ని గుర్తించడానికి నాలుగు ప్రమాణాలను సూచించవచ్చు. మొదటిది కథ ఎక్కడ ఆరంభమై ఎక్కడ ముగిసింది. రెండవది నాయకుని నిర్ణయాలకు ఏ ప్రేరణలను ఆపాదించారు. మూడవది ప్రతినాయకుని వాదానికి చోటు దక్కిందా. నాలుగవది ప్రజలు కర్తలుగా ఉన్నారా, కేవలం జనసందోహంగా మిగిలారా.

3. 1984: రాజ్యాంగ సంక్షోభం, వ్యక్తిద్రోహం

1983 జనవరిలో అధికారానికి వచ్చిన రామారావు 1984లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని తిరిగివచ్చారు. ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించి, నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణస్వీకారం చేయించారు. శాసనసభ్యులను రాష్ట్రపతి ఎదుట హాజరుపరచినా వెంటనే న్యాయం జరగలేదు. రామ్‌లాల్ స్థానంలో శంకర్‌దయాళ్ శర్మ గవర్నరుగా వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు.

క్రిష్ దర్శకత్వంలో 2019 ఫిబ్రవరి 22న విడుదలైన ‘మహానాయకుడు’ ఈ ఘట్టాన్ని బసవతారకం పాత్ర చుట్టూ అల్లిన కుటుంబకథలో భాగం చేసింది. రామారావు పాత్రధారి, నిర్మాత నందమూరి బాలకృష్ణ అప్పటికి అధికారపక్ష శాసనసభ్యులు. శాసనసభ్యులను కాపాడి ప్రభుత్వాన్ని నిలబెట్టిన వ్యూహకర్తగా నారా చంద్రబాబునాయుడు పాత్రను రానా పోషించారు. పునఃపదవీస్వీకారం, బసవతారకం మరణం దగ్గర కథ ముగుస్తుంది. ఆ ముగింపును అసత్యకథనం అనలేము. అయితే అక్కడ ఆగడం వల్ల కథలోని రక్షకుడు 1995లో ఏ స్థానంలో నిలబడ్డాడన్న ప్రశ్న తలెత్తదు. ముగింపు ఎంపిక చేసిన పని అది.

మూడవ ప్రమాణం దగ్గర లోపం మరింత స్పష్టం. నాదెండ్ల పాత్ర మొదటినుండి కుట్రదారుగానే కనిపిస్తుంది. పార్టీ నిర్మాణంలో తనకున్న భాగం గురించి, తన చీలిక గురించి ఆ వ్యక్తికి ఒక వాదన ఉండవచ్చునన్న స్పృహ కథకు లేదు. దీనివల్ల నష్టపోయినది నాదెండ్ల కంటే ఎక్కువగా ప్రేక్షకుడే. 1984లో అసలు ప్రశ్న మెజారిటీని రాజ్‌భవన్‌లో లెక్కించాలా, శాసనసభలో తేల్చాలా అన్నది. 1994 మార్చి 11న బొమ్మై కేసు తీర్పులో సుప్రీంకోర్టు సభావేదికే సరైన పరీక్ష అని స్పష్టం చేసింది. తెలుగునేల మీద ప్రజలు వీధుల్లోకి వచ్చి అడిగిన ఈ ప్రశ్న, తెరమీద మిత్రద్రోహం నీడలో వెలవెలబోయింది.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించాలి. తెలుగు తెరమీద ప్రతినాయకునికి గౌరవమిచ్చిన నటుల్లో రామారావు అగ్రగణ్యులు. 1977లో స్వీయదర్శకత్వంలో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’లో ఆయన కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడు పాత్రలనూ ధరించారు. సుయోధనుని వాదాన్ని ప్రేక్షకుడు చెవియొగ్గి వినేలా చేశారు. ఆయన జీవితచరిత్రకు ఆయన కళనుండి అందవలసిన ఈ పాఠమే అందలేదు.

4. 1995: అదే వ్యక్తి, మరో ముఖం

1995 ఆగస్టులో హైదరాబాద్ వైస్రాయ్ హోటల్ కేంద్రంగా శాసనసభ్యుల్లో అధికభాగం చంద్రబాబునాయుడు పక్షాన చేరారు. సెప్టెంబరు 1న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు మరణించారు. రామ్‌గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ ఈ కథను లక్ష్మీపార్వతి ప్రవేశంతో ఆరంభించి రామారావు మరణంతో ముగించింది. ‘మహానాయకుడు’లో రక్షకుడైన వ్యక్తి ఇందులో వెన్నుపోటుదారు. పార్టీలో లక్ష్మీపార్వతి ప్రాబల్యంపై శాసనసభ్యుల్లో ఉన్న అసంతృప్తి ఇక్కడ కుట్రకు సాకుగా మాత్రమే కనిపిస్తుంది.

రెండు చిత్రాలూ 2019 ఏప్రిల్ 11 పోలింగుకు ముందువారాల్లో విడుదలకు సిద్ధమయ్యాయి. రెండవది మార్చి 29న ఇతర ప్రాంతాల్లో విడుదలైనా, పోలింగు నాటికి ఆంధ్రప్రదేశ్‌లో విడుదల కాలేదు. రాజశేఖరరెడ్డి పాదయాత్రను చిత్రించిన ‘యాత్ర’ సైతం అదే ఫిబ్రవరి 8న వచ్చింది. 2024 మే ఎన్నికల ముందు ‘యాత్ర 2’, ‘రాజధాని ఫైల్స్’, ‘వ్యూహం’ వచ్చాయి. విడుదల తేదీ కూడా రచనార్థంలో భాగమేనని ఈ వరుస చెబుతోంది.

ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, పరస్పర విరుద్ధమైన రాజకీయాలకు కథననిర్మాణం ఒక్కటేనని తేలుతుంది. మంచివాడైన పెద్దాయన, నమ్మిన స్త్రీ, ద్రోహం చేసిన ఆప్తుడు అన్న మూడు స్థానాలు స్థిరంగా ఉంటాయి. ఆ స్థానాల్లోని వ్యక్తులు మాత్రమే మారతారు.

5. ‘మయసభ’: సమతూకం, దాని హద్దు

దేవ కట్టా ప్రధాన దర్శకత్వంలో 2025 ఆగస్టు 7 నుండి సోనీలివ్‌లో ప్రసారమైన ‘మయసభ’ ఈ చట్రాన్ని కొంత సడలించింది. కాకర్ల కృష్ణమనాయుడు, ఎం.ఎస్. రామిరెడ్డి అనే కల్పితనామాలతో ఇద్దరు నాయకుల స్నేహాన్ని, స్పర్ధను సమాంతరంగా నడిపింది. ఇద్దరికీ బాల్యం, భయం, అవమానం, ఆశ ఉన్నాయి. కులాన్ని రాజకీయ చోదకశక్తిగా దాపరికం లేకుండా చూపడం ఈ సిరీస్ సాధించిన గుణం. సుదీర్ఘమైన ఎపిసోడ్ల నిర్మాణం ఒకే సంఘటనను రెండు వైపులనుండి చూసే వెసులుబాటు ఇచ్చింది.

అయితే కల్పితనామం రెండంచుల కత్తి. ప్రేక్షకుడు మొదటి దృశ్యంలోనే అసలు వ్యక్తిని గుర్తిస్తాడు. రచన మాత్రం బాధ్యత అడిగినప్పుడు కల్పన అంటుంది, ఆదరణ కోరినప్పుడు చరిత్ర అంటుంది. బ్రిటిష్ రాజకుటుంబంపై తీసిన ‘ది క్రౌన్’ ఇదే ఇబ్బందిని ఎదుర్కొంది. 2022లో అయిదవ సీజన్‌కు ముందు జాన్ మేజర్, జూడీ డెంచ్ వంటివారు అభ్యంతరం తెలిపారు. ఆ తర్వాత ప్రచారచిత్రం వివరణలో అది కల్పిత నాటకీకరణ అన్న మాటను నెట్‌ఫ్లిక్స్ చేర్చింది. ప్రకటన అవసరమే గాని, అది పక్షపాతాన్ని తొలగించలేదు. ఇద్దరు నాయకుల మధ్య సమతూకం సాధించిన ‘మయసభ’లోనూ చరిత్ర నడిచేది నాయకుల మనస్సుల్లోనే. ఢిల్లీలోని ఐరావతి బసు పాత్ర ప్రధానంగా ఎత్తుగడల మనిషి. ఇందిరాగాంధీని స్ఫురింపజేసే ఆ పాత్రను విశాఖనుండి చూస్తే మరొక చిత్రం కనిపిస్తుంది.

6. ఉక్కునగరం అడిగే ప్రశ్న

1965లో బ్రిటిష్ అమెరికన్ నిపుణుల బృందం ఉక్కుకర్మాగారానికి విశాఖను అనుకూలమైన చోటుగా సూచించింది. కేంద్రం వెనుకంజ వేయడంతో 1966 అక్టోబరులో టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్ష చేపట్టారు. తెన్నేటి విశ్వనాథం వంటి నాయకులు, వామపక్షాలు, విద్యార్థులు, కార్మికులు ఉద్యమించారు. నవంబరు 1న నగరంలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రవ్యాప్తంగా 32 మంది అమరులయ్యారని ఉద్యమచరిత్ర చెబుతుంది. ప్రధాని ఇందిరాగాంధీ, ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి ఒకే పార్టీవారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేసినదీ ఇందిరాగాంధీయే. 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినది తెలుగువాడైన ప్రధాని పి.వి. నరసింహారావు.

ఈ సంక్షోభం పైన చెప్పిన మూడు స్థానాల చట్రంలో ఇమడదు. కాల్పుల నాటి ప్రధానే శంకుస్థాపన చేసిన ప్రధాని. దీక్ష చేసినవారు గుంటూరు జిల్లావారు, పోరాడినవారు అన్ని పార్టీలవారు. భూములిచ్చి ఊళ్ళు కోల్పోయిన నిర్వాసితులు నాయకులూ కారు, ప్రతినాయకులూ కారు. గాజువాక పరిసరాల్లో వారి కుటుంబాల పునరావాసం, ఉపాధి సమస్యలు దశాబ్దాలపాటు నలిగాయి. 2021 జనవరి 27న కేంద్రమంత్రివర్గ ఆర్థికవ్యవహారాల సంఘం కర్మాగారంలో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదించినప్పుడు ఆ పాత నినాదం మళ్ళీ వినిపించింది. ప్రజలే కర్తలైన చరిత్ర ఒకటి ఈ నేలకు ఉందని అది గుర్తుచేసింది.

ఇటువంటి చరిత్రను తెరకెక్కించడం అసాధ్యమేమీ కాదు. రాజ్యసభ టీవీ కోసం 2014లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘సంవిధాన్’ రాజ్యాంగసభ చర్చలనే నాటకంగా మలచింది. పరస్పరం విభేదించే వాదాలు వినిపిస్తుండగా ప్రేక్షకుడు తీర్పరి స్థానంలో కూర్చుంటాడు.

7. ముగింపు

పై పరిశీలన ద్వారా కొన్ని అంశాలు తేలుతున్నాయి. తెలుగు నాయకచరిత్రల్లో పక్షపాతం ప్రధానంగా ఆరంభ ముగింపుల ఎంపికలో, ప్రతినాయకుని మౌనంలో ఉంది. పార్టీలు వేరైనా కథాచట్రం ఒక్కటే. ‘మయసభ’ ఇద్దరు నాయకులకు న్యాయం చేసే దిశలో ఒక అడుగు వేసింది గాని, ప్రజలను కర్తలుగా నిలపలేదు. సంక్షోభాన్ని ద్రోహకథగా కుదించడం వల్ల గవర్నరు, శాసనసభ, న్యాయస్థానం, పత్రిక వంటి వ్యవస్థల గురించిన ఎరుక ప్రేక్షకునికి దూరమవుతోంది.

తెలుగుశాఖల్లో ఈ రచనలను శాసనసభ చర్చలు, నాటి పత్రికల పక్కన ఉంచి బోధించడం నేటి అవసరం. రాబోయే తరం ఓటరుగా మారేముందు ప్రేక్షకుడుగా ఉంటుంది. తెరమీది నాయకుని చూసి చప్పట్లు కొట్టేముందు, ఈ కథ ఇక్కడే ఎందుకు ఆగిందని అడగగలిగితే ఆ ప్రేక్షకుని తీర్పు అతని సొంతమవుతుంది.